తోపు కాపలా కుక్కకు ఎన్ని నీళ్లు?

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో మే నెల అంటే మామిడి కాపు చేతికొచ్చే నెల. తోతాపురి కాయ బరువెక్కి కొమ్మలు వంగే రోజుల్లో తోపుకు రాత్రీ పగలూ కాపలా కావాలి. మనిషితోపాటు ఆ పని చేసేది కుక్క. చాలా తోపుల్లో అది చెట్టు మొదట్లో గొలుసుకు కట్టేసి ఉంటుంది, పక్కన ఒక సత్తు గిన్నె. పొద్దున చెట్టు నీడలో ఉన్న ఆ గిన్నె మీదికి మధ్యాహ్నం రెండింటికి ఎండ వచ్చేస్తుంది. అప్పటికి అందులో నీళ్లు వేడెక్కి ఉంటాయి, లేదా గొలుసు తగిలి గిన్నె బోర్లాపడి ఉంటుంది. ఈ మండలంలోని బాహుదా నది వానలప్పుడు మాత్రమే పారే ఏరు. కాణిపాకం వినాయకుణ్ణి బావిలో వెలసిన దేవుడిగా కొలిచే ఈ సీమలోనే బోర్లు వందల అడుగుల లోతుకు పోయాయి. ఇక్కడ నీటికి ఎవరైనా లెక్క చూసుకుంటారు. ఆ లెక్కలో కుక్క వాటా ఎంత?

పశువైద్యులు చెప్పే అంకె ఒకటుంది: కుక్క బరువులో ప్రతి కిలోకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు. 15 కిలోల నాటు కుక్కకు 750 నుంచి 900 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు కాస్త తక్కువ. గుర్తుపెట్టుకోవటానికి ఇది పనికొస్తుంది. కానీ దీన్నే పట్టుకుని "మా కుక్క అంత తాగటం లేదు" అని కంగారుపడితే పొరపాటే. "లీటరు పోశాం, చాలు" అని ఊరుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు. కుక్క ఎంత పెద్దది, ఏం తింటోంది, ఎంత ఎండలో ఉంది అన్న మూడు సంగతులూ కలిస్తేనే అసలు అంకె తేలుతుంది.

ముందు ఒళ్లు సంగతి. స్విట్జర్లాండ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మాక్స్ క్లైబర్ 1932లో ఒక విషయం గమనించాడు. జంతువు బరువు రెట్టింపైతే అది ఖర్చుచేసే శక్తి రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. చిన్న జంతువు ఒక్కో కిలోకు ఎక్కువ శక్తి ఖర్చుచేస్తుంది. నీటి అవసరం కూడా శక్తి ఖర్చును అనుసరించే నడుస్తుంది. రోజుకు ఎన్ని కిలోకేలరీలు ఖర్చవుతాయో దాదాపు అన్ని మిల్లీలీటర్ల నీళ్లు కావాలని వైద్యులు లెక్క వేస్తారు. ఆ లెక్కన 3 కిలోల పొమరేనియన్‌కు రోజుకు సుమారు 255 మిల్లీలీటర్లు, అంటే కిలోకు 85. నలభై కిలోల భారీ కుక్కకు సుమారు 1,780 మిల్లీలీటర్లు, అంటే కిలోకు 45 కూడా పడదు. మన 15 కిలోల తోపు కుక్కకు 850 దగ్గర తేలుతుంది. 50, 60 అన్న అంకె మధ్యరకం కుక్కలకే సరిగ్గా సరిపోతుందన్నమాట.

ఈ 850 మిల్లీలీటర్లూ గిన్నెలోంచే తాగాలని లేదు. తోపుల దగ్గర కాపలావాళ్లను అడిగితే "అది నీళ్లు పెద్దగా తాగదు సార్, సంగటి తినేసి పడుకుంటుంది" అంటారు. అది అజాగ్రత్తతో అనే మాట అనుకోనక్కరలేదు, దాని వెనక నిజమైన లెక్క ఉంది. రాగి సంగటిలో మూడింట రెండు వంతులకు పైగా నీళ్లే. దాంట్లో మజ్జిగ పోసి పిసికితే ముప్పావు వంతు నీళ్లవుతుంది. కుక్క రోజుకు అలాంటి తిండి ముప్పావు కిలో తిన్నదనుకుందాం. అందులోనే 550 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు పొట్టలోకి పోయాయి. పైగా తిండి ఒంట్లో అరిగి శక్తిగా మారేటప్పుడు కొత్తగా నీరు పుడుతుంది. పిండిపదార్థంలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ మనం పీల్చే ఆక్సిజన్‌తో కలవటం వల్ల పుట్టే నీరు అది. నూరు గ్రాముల కొవ్వు పూర్తిగా ఖర్చయితే నూరు గ్రాములకు పైగానే నీరు వస్తుంది. ఈ కుక్క విషయంలో అదొక 100 మిల్లీలీటర్లు. ఇక గిన్నెలోంచి తాగాల్సింది ఒక గ్లాసు.

అదే కుక్కను చిత్తూరు టౌనుకు తీసుకుపోయి సంచిలో దొరికే పొడి తిండి పెట్టండి. అందులో నీరు పదో వంతు. 850 కిలోకేలరీలకు 240 గ్రాములు తింటే చాలు గానీ, దాంతో వచ్చే నీళ్లు పాతిక మిల్లీలీటర్లు మాత్రమే. ఇప్పుడు అది మూడున్నర గ్లాసులు తాగాలి. కుక్కలో జబ్బేమీ లేదు, మారింది తిండి ఒక్కటే. సంగటి నుంచి పొడి తిండికి మార్చిన వారంలో "ఇది ఉన్నట్టుండి నీళ్లు తెగ తాగుతోంది" అని భయపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. (సంగటీ మజ్జిగా నీళ్లకు మంచివే గానీ కుక్కకు అవే చాలవు. మాంసమో గుడ్డో కలవకపోతే మాంసకృత్తులు తగ్గుతాయి.)

ఇంతవరకూ చెప్పింది నీడ పట్టున, చల్లటి పూట లెక్క. ఎండ ఈ లెక్కను పూర్తిగా మార్చేస్తుంది.

మన ఒంటి నిండా చెమట గ్రంథులున్నాయి. కుక్కకు చెమట పట్టేది పాదాల కింది మెత్తటి దిండ్లలోనే. దాంతో ఒళ్లు చల్లబడేది ఏమీ లేదు. దాని ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ వేడి చర్మం మీంచి గాలిలోకి, పొట్ట ఆనించి పడుకుంటే నేలలోకి పోతుంది. చిత్తూరు ఎండల్లో గాలే 40 డిగ్రీలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అంతటితో ఆగదు, గాలి వేడే ఎదురు ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే దారి ఒక్కటే, నీటిని ఆవిరిచెయ్యటం. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. రోజుకు 850 కిలోకేలరీల వేడి పుట్టించే కుక్క, పగటి ఎనిమిది గంటల పాటు తన వేడినంతా ఇలాగే వదిలించుకోవాలంటే దాదాపు అర లీటరు నీరు ఆవిరి చెయ్యాలి. నేరుగా ఎండ తగలకుండా, కదలకుండా పడుకున్న కుక్కకే ఇంత. దొంగను చూసి మొరిగి, గొలుసు చివరిదాకా పదిసార్లు ఉరికితే ఇంకా ఎక్కువ.

ఆ ఆవిరి చేసే యంత్రమే రొప్పు. కుక్క రొప్పటం చూసి ఆయాసపడుతోందని మనం అనుకుంటాం. నిజానికి అది చాలా పొదుపుగా జరిగే పని. నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి ఇరవై ముప్పై సార్లు ఊపిరి తీసే కుక్క, రొప్పటం మొదలుపెట్టగానే ఒక్కసారిగా 300 దాటిపోతుంది. మధ్యలో 100, 150 దగ్గర ఎక్కువసేపు ఆగదు. ఎందుకో యూజీన్ క్రాఫర్డ్ అనే పరిశోధకుడు 1962లో కొలిచి చూపించాడు. ఊపిరితిత్తులకూ ఛాతీకూ సాగి ముడుచుకునే గుణం ఉంది కాబట్టి వాటికి సహజమైన ఊగే వేగం ఒకటుంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిటికెన వేలితోనైనా ఊపవచ్చు, ఎదురుతోస్తే చేతులు నొప్పెడతాయి. కుక్క రొప్పే వేగం సరిగ్గా ఆ సహజ వేగం దగ్గరే ఉంటుంది. అందుకే కండరాలకు శ్రమ తక్కువ, ఆ శ్రమ వల్ల పుట్టే కొత్త వేడీ తక్కువ.

ఇంకో చిక్కు ముడి ఉంది. నాలుక వేలాడేసి రొప్పుతుంటే గాలి నోట్లోంచే వచ్చి పోతోందని అనిపిస్తుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ష్మిట్-నీల్సన్ తన సహచరులతో కలిసి 1970లో తేల్చింది వేరు. చాలా గాలి ముక్కుతో లోపలికి పోయి నోటితో బయటికి వస్తుంది. అదే ముక్కుతో వెనక్కి వదిలితే, లోపలికి పోయేటప్పుడు చల్లబడిన ముక్కు గోడల మీద ఆవిరి మళ్లీ నీరై, పోవాల్సిన వేడి అక్కడే ఆగిపోతుంది. నోటితో వదిలితే వేడీ ఆవిరీ రెండూ బయటికి పోతాయి. ముక్కు లోపల ఆవిరికి కావలసిన తడిని అందించటానికి ఒక ప్రత్యేక గ్రంథి ఉందనీ, ఎండ పెరిగే కొద్దీ అది ఎక్కువగా ఊరుతుందనీ 1972లో బయటపడింది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు మన ఎండల్లో ఎందుకు పడిపోతాయో ఇప్పుడు అర్థమవుతుంది. వాటికి ఆ ముక్కు గోడల విస్తీర్ణమే చాలదు. ఈ సీమలో పగ్‌ను పెంచటం దాన్ని కష్టపెట్టటమేనని నా అభిప్రాయం.

ఈ తడి అంతా రక్తంలోంచి రావాలి, రక్తంలోకి గిన్నెలోంచి రావాలి. నీళ్లు అయిపోయిన గిన్నె పక్కన రొప్పుతున్న కుక్క గంట గంటకూ తన రక్తాన్నే చిక్కబరుచుకుంటోంది. కాసేపటికి రొప్పటానికి తడి చాలదు, ఒంటి వేడి 41 దాటుతుంది. తూలటం, వాంతి, చిగుళ్లు ఎర్రగా కందటం కనిపిస్తే అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒంటి నిండా మామూలు నీళ్లు పోసి, గాలి తగిలేలా విసురుతూ వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో మాత్రం నీళ్లు పొయ్యకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మరి తనకెంత కావాలో కుక్కకు తెలుసా? తెలుసు, మనకంటే బాగా తెలుసు.

బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నీ కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధించి 1947లో చూపించింది ఇది: మెదడుకు పోయే రక్తంలో ఉప్పు చిక్కదనం నూటికి రెండు వంతులు పెరిగినా చాలు, మెదడు పసిగట్టి మూత్రపిండాలకు "నీళ్లు వదలొద్దు" అని హార్మోన్ ద్వారా చెబుతుంది. దాహం కూడా ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది. అమెరికాలో రోచెస్టర్‌లో ఎడ్వర్డ్ అడాల్ఫ్ 1939లో చూసింది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. నీళ్లు కోల్పోయిన కుక్క గిన్నె దగ్గరికి రాగానే కొద్ది నిమిషాల్లో సరిగ్గా తాను కోల్పోయినంతా తాగి ఆపేస్తుంది. తాగిన నీరు ఇంకా రక్తంలోకి చేరనే లేదు, అయినా చాలని దానికి తెలిసిపోతుంది. గొంతూ పొట్టా దాటిపోతున్న నీటిని కొలిచి మెదడుకు ముందే కబురు పెడతాయి.

మనిషి ఇలా చెయ్యలేడు. ఎండలో పనిచేసి వచ్చిన రైతు చెంబెడు నీళ్లు తాగి చాలనుకుంటాడు, ఒంట్లో కొరత ఇంకా మిగిలే ఉంటుంది. మన చెమటతో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. అందుకే మిగిలిన రక్తం అంత చిక్కబడదు, దాహం త్వరగా తీరినట్టనిపిస్తుంది. కుక్క రొప్పులో పోయేది నీరు మాత్రమే, ఉప్పు దాదాపు పోదు. కాబట్టి దాని దాహం ఒంటి కొరతకు అద్దం పడుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఎండాకాలంలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు అక్కరలేదు, మంచినీళ్లు చాలు. మనం చెయ్యాల్సిన పని నీళ్లు దాని నోటికి అందేలా ఉంచటం. ఎంత తాగాలన్నది దానికి వదిలెయ్యొచ్చు.

నోటికి అందటం అన్న మాట పైకి కనిపించేంత సులువు కాదు. కుక్కకు మనలా పెదాలు బిగించి పీల్చే బుగ్గలు లేవు. అది నాలుకను వెనక్కి, గడ్డం వైపు గరిటెలా వంచి నీళ్లలోకి కొడుతుంది. ఆ గరిటెతోనే నీళ్లు తోడుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2011లో హార్వర్డ్‌లో క్రాంప్టన్, ముసిన్‌స్కీ ఎక్స్‌రే వీడియో తీసి చూస్తే, ఆ గరిటెలో నీరు చాలావరకు జారిపోతోంది. నాలుక కొస వేగంగా పైకి లేచినప్పుడు దానికి అంటుకుని ఒక నీటి స్తంభం లేస్తుంది, నోరు మూసుకునేలోపు అందులో కొంత లోపలికి చేరుతుంది. ఆ స్తంభం తెగిపడే క్షణానికే కుక్క నోరు మూస్తుందని 2015లో వర్జీనియా టెక్ బృందం లెక్కగట్టింది. కుక్క తాగినచోట చుట్టూ నీళ్లు చిందేది ఇందుకే. నాలుక ఇలా ఆడాలంటే గిన్నె నోరు వెడల్పుగా ఉండాలి, నీరు కాస్త లోతుగా ఉండాలి. సన్న మూతి చెంబులో, అడుగంటిన సత్తు గిన్నెలో అది సరిగా తాగలేదు. వెడల్పాటి బరువైన మట్టి తొట్టి అన్నిటికంటే మేలు. బోర్లాపడదు, గోడల నుంచి ఊరే తడి ఆవిరై నీటిని చల్లగా ఉంచుతుంది. రోజూ కొబ్బరిపీచుతో తోమి నీళ్లు మార్చాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనం వానలు. అప్పుడు గుంటల్లో నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, కుక్కకూ దాన్నుంచి మనిషికీ రావచ్చు. తొట్టిలో మంచినీళ్లుంటే కుక్క గుంట దగ్గరికి పోయే అవసరం తగ్గుతుంది.

నీళ్లు తక్కువైన సంగతి కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. భుజాల మధ్య చర్మాన్ని పట్టి లేపి వదిలితే వెంటనే సర్దుకోవాలి. చిగుళ్లు తడిగా, జారుడుగా ఉండాలి. చర్మం నెమ్మదిగా దిగినా, చిగుళ్లు వేలికి జిగటగా అంటుకున్నా ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. కానీ బరువులో నూటికి ఐదు వంతుల నీరు పోయేదాకా ఈ గుర్తులేవీ సరిగా తేలవు. 15 కిలోల కుక్కకు అది 750 మిల్లీలీటర్లు, దాదాపు ఒక రోజు వాటా.

నీళ్లు ముట్టని కుక్కను చూస్తే మన పల్లెల్లో ముందుగా వచ్చే అనుమానం పిచ్చి. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నీటిని చూస్తే భయపడటం, జలభయం, రేబిస్ సోకిన మనిషిలో కనిపించే లక్షణం. రేబిస్ సోకిన కుక్క నీటికి భయపడకపోవచ్చు, గిన్నె దగ్గరికి పోయి తాగబోవచ్చు కూడా. గొంతు కండరాలు చచ్చుబడి మింగలేక చొంగ కారుస్తుంది. కాబట్టి "నీళ్లు తాగింది, దీనికి పిచ్చి లేదు" అన్న పరీక్ష ప్రాణాలు తీసే పరీక్ష. మింగలేకపోతున్న కుక్క గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టటమూ అంతే ప్రమాదం. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి.

మీ కుక్క మామూలుగా ఎంత తాగుతుందో ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. పొద్దున ఆరింటికి లీటరు సీసాతో కొలిచి తొట్టిలో పొయ్యండి, మర్నాడు ఆరింటికి మిగిలింది కొలవండి. ఎండాకాలం వెడల్పు తొట్టిలోంచి చాలా నీరు గాలికే పోతుంది. అందుకే అలాంటిదే ఇంకో తొట్టి పక్కనే, కుక్కకు అందకుండా పెట్టి, అందులో తరిగినంత తీసెయ్యాలి. కోళ్లూ కాకులూ తాగకుండా చూసుకోవాలి, లేకపోతే కొలత వాటిదవుతుంది. మూడు రోజుల సగటు చాలు. ఆ అంకె పుస్తకంలోని అంకెకు సరిపోకపోయినా ఫరవాలేదు. అది మీ కుక్క అంకె. రేపు అది మారితే తెలుస్తుంది, అదే దాని విలువ.

మార్పు పెరుగుదల వైపు అయితే చాలామంది సంతోషిస్తారు, "నీళ్లు బాగా తాగుతోంది, మంచిదే" అని. కానీ అది జబ్బు పంపే కబురు కావచ్చు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్కకు క్లోమం తీసేశారు. కొవ్వు ఎలా అరుగుతుందో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇల్లు పాడుచెయ్యకుండా బాగా అలవాటు పడిన ఆ కుక్క గది నేల మీద మాటిమాటికీ మూత్రం పొయ్యటం మొదలుపెట్టింది. అనుమానం వచ్చి పరీక్షిస్తే మూత్రంలో చక్కెర. మధుమేహానికి క్లోమంతో ఉన్న సంబంధం అలా బయటపడింది, ముప్పై రెండేళ్ల తర్వాత ఇన్సులిన్‌కు దారితీసింది. చక్కెర తనతో నీటిని లాక్కుపోతుంది, పోయిన నీటి కోసం కుక్క తాగుతుంది. ఇక్కడ ఎక్కువ తాగటం జబ్బు కాదు, జబ్బు వల్ల జరిగే నష్టాన్ని పూడ్చుకునే ప్రయత్నం. అలాంటి కుక్క ఇంట్లో మూత్రం పోస్తోందని గిన్నె తీసేస్తే దాన్ని చావుకు దగ్గర చేసినట్టే.

వైద్యులు గీసిన గీత కిలోకు 100 మిల్లీలీటర్లు. 15 కిలోల కుక్క చల్లటి రోజుల్లో, పొడి తిండికి మార్చకుండా, పిల్లలకు పాలివ్వకుండా రోజుకు లీటరున్నర దాటి తాగుతుంటే కారణం వెతకాలి. దురదకు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే కారణం అవే కావచ్చు. ముసలి కుక్క అయితే మూత్రపిండాలు. వాటిలో మూడింట రెండు వంతులు పాడయ్యాక గానీ మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోదు, అందుకే ఆ దాహం ఆలస్యంగా వచ్చే కబురు. మధుమేహం, కుషింగ్ అనే హార్మోన్ జబ్బు కూడా లెక్కలోకి వస్తాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. దాన్ని మర్నాటికి వాయిదా వెయ్యకూడదు, వెంటనే ఆపరేషన్ చేస్తే బతుకుతుంది.

మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినా, 1955 నుంచి నడుస్తున్న తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లినా, మూడు రోజుల కొలతలు కాగితం మీద రాసి పట్టుకుపోండి. పొద్దున లేవగానే కుక్క పోసే మొదటి మూత్రాన్ని కడిగి ఆరబెట్టిన సీసాలో కొంచెం పట్టండి. రాత్రంతా పెద్దగా నీళ్లు తాగని కుక్క ఆ మూత్రాన్ని ఎంత చిక్కబరచగలిగిందన్నది కొలిస్తే మూత్రపిండాల పని తెలుస్తుంది, అందులో ముంచిన పరీక్ష పట్టీ రంగు మారితే చక్కెర తెలుస్తుంది. ఆసుపత్రికి బయల్దేరే ముందు రాత్రి నీళ్లు మాత్రం ఆపొద్దు.